రియాక్టర్ మ్యాన్‌హోల్ దగ్గర శిక్షణ: ఒక బల్క్ డ్రగ్ యూనిట్ కేస్ స్టడీ

యూనిట్ పేరు రాయను. హైదరాబాద్ చుట్టూ ఉన్న పారిశ్రామికవాడల్లో ఒకదానిలో ఉంది. బల్క్ డ్రగ్స్, అంటే మందుల్లో వాడే ముడి ఔషధాలు తయారుచేస్తుంది. మూడు షిఫ్టులు, మూడొందల మందికి పైగా జనం, అందులో సగానికి మించి కాంట్రాక్ట్ హెల్పర్లు. వీళ్లలో ఎక్కువ మంది ఒడిశా గంజాం జిల్లా వాళ్లు, తర్వాత బిహార్ వాళ్లు, మిగిలినవాళ్లు మహబూబ్‌నగర్, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. నేను బయటి నుంచి వెళ్లే సేఫ్టీ ట్రైనర్‌ని. ఒక ప్రాణం వెంట్రుకవాసిలో దక్కిన తర్వాత నన్ను పిలిచారు.

జరిగింది ఇదీ. ఒక ప్రొడక్ట్ అయిపోయి ఇంకోటి మొదలుపెట్టే ముందు రియాక్టర్ (రసాయనాలు కలిపి మందు తయారుచేసే పెద్ద పాత్ర) కడగాలి. మిథనాల్‌తో వాష్ ఇచ్చారు, డ్రెయిన్ చేశారు, నైట్రోజన్ పెట్టి ఆరబెట్టారు. క్యూఏ (నాణ్యత చూసే విభాగం) వాళ్లు వచ్చి లోపలి గోడను తుడిచి నమూనా, అంటే స్వాబ్ తీసుకోవాలి కాబట్టి మ్యాన్‌హోల్ (రియాక్టర్ పైనున్న మూత ద్వారం) తెరిచారు. తెరిచేటప్పుడు తుడిచే గుడ్డ ఒకటి లోపలికి జారి బ్యాఫిల్ (లోపలి గోడకుండే పలక) మీద చిక్కుకుంది. చెయ్యి చాపితే అందేటట్టే కనిపిస్తోంది. ఒక హెల్పర్ మోకాళ్ల మీద కూర్చుని తల, ఒక భుజం లోపలికి పెట్టాడు. అంతే, మాటా పలుకూ లేకుండా ఒళ్లు వదిలేశాడు. పక్కనున్న ఇంకో హెల్పర్ అతని బెల్టు పట్టుకుని వెనక్కి గుంజితే ఇద్దరూ ప్లాట్‌ఫాం మీద పడ్డారు. కాసేపటికి అతను లేచి కూర్చున్నాడు. ఆస్పత్రిలో ఒక రాత్రి ఉంచి పంపించారు.

అతనితో మాట్లాడినప్పుడు పదే పదే ఒకటే అన్నాడు: "నేను దిగలేదు సార్, గుడ్డ తీయబోయానంతే." ఈ మాట మీదే తర్వాత శిక్షణంతా కట్టుకోవాల్సి వచ్చింది.

రికార్డుల్లో ఉన్నది

నేను అడగకముందే అతని ట్రైనింగ్ రికార్డు టేబుల్ మీద పెట్టారు. సంఘటనకు రెండు వారాల ముందు 'కన్‌ఫైన్డ్ స్పేస్ సేఫ్టీ' (గాలి ఆడని ఇరుకు చోట్లలో భద్రత) క్లాసుకు హాజరయ్యాడు. గంట సేపు క్లాసు, చివర్లో పరీక్ష, పాస్. కింద ఒడియా లిపిలో సంతకం. పరీక్ష పేపరు మాత్రం ఇంగ్లీషులో ఉంది.

ఆ రోజు క్లాసుకు వచ్చినవాళ్ల పేపర్లన్నీ తెప్పించి చూశాను. ఆక్సిజన్ ఎంత శాతం కన్నా తగ్గితే లోపలికి వెళ్లకూడదు అనే ప్రశ్న ఉంది. సరైన జవాబు 19.5. స్లైడులో కూడా 19.5 అనే వేశారు. పేపర్లలో మాత్రం ప్రతి ఒక్కరూ 16.5 చుట్టూ సున్నా చుట్టారు, అదీ ఒకే ఇంకుతో. ఒకడు రాసింది మిగతావాళ్లు దించారో, కాంట్రాక్టర్ సూపర్‌వైజరే కూర్చుని అన్నీ నింపాడో నేను తవ్వలేదు. ఆడిటర్‌కు చూపించడానికి కాగితం కావాల్సి వచ్చింది, కాగితం తయారైంది.

ఈ ఒక్క యూనిట్‌లోనే ఇలా ఉందనుకోవద్దు. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో పేలుడు జరిగినప్పుడు, 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగినప్పుడు, ప్రతిసారీ మాలాంటి వాళ్ల ఫోన్లు ఆగకుండా మోగాయి. "సార్, ఈ వారంలో అందరికీ ట్రైనింగ్ అయిపోవాలి, సర్టిఫికెట్లు కూడా కావాలి" అని. ఆ ప్రమాదాల కారణాలు వేరు, క్లాసులు చెప్పి ఉంటే ఆగిపోయేవని నేను అనను. కానీ ఆ ఫోన్లలో ఏ ఒక్కరూ "మా ప్లాంటులో ఏం పని ఎలా జరుగుతోందో ముందు వచ్చి చూడండి" అనలేదు.

షిఫ్టుల్లో కనిపించింది

అందుకే క్లాసు సంగతి పక్కన పెట్టి ముందు షిఫ్టుల్లో తిరుగుతానన్నాను. ముఖ్యంగా సి షిఫ్ట్, అంటే రాత్రి షిఫ్ట్. రాత్రి పన్నెండు దాటాక ప్లాంటు అసలు రూపం తెలుస్తుంది.

గ్యాస్ డిటెక్టర్ మంచిదే కొన్నారు, కాలిబ్రేషన్ కూడా తేదీ ప్రకారం చేయిస్తున్నారు. కానీ అది సేఫ్టీ ఆఫీసు బీరువాలో ఉంటుంది. రాత్రి ఆ బీరువా తాళం మెయిన్ గేటు సెక్యూరిటీ దగ్గర ఉంటుంది. ప్రొడక్షన్ బ్లాక్ నుంచి గేటుకు వెళ్లి, రిజిస్టర్లో రాసి, తాళం తెచ్చి, బీరువా తీసి, మళ్లీ మూడో అంతస్తు ఎక్కాలి. ఆ తిప్పలు పడేదెవరు? లోపలికి వెళ్లే ముందు టెస్ట్ చేసి రాయాల్సిన అనుమతి పత్రం, అంటే పర్మిట్, కంట్రోల్ రూం టేబుల్ మీదే పుట్టి, ఆ టేబుల్ మీదే క్లోజ్ అయ్యేది. ఆక్సిజన్ గడిలో ప్రతి పర్మిట్‌లోనూ 20.9 అని, అంటే మామూలు గాలిలో ఉండే శాతమే ఉంది. ఒక్కదాంట్లో కూడా 20.8 లేదు.

డిటెక్టర్ వాడినప్పుడైనా ఒక తేడా గమనించాను. షిఫ్ట్ కెమిస్ట్ ఒకతను మీటర్ దించి, ముందు ఎల్‌ఈఎల్ (మండే ఆవిరి ఎంత ఉందో చెప్పే అంకె) రీడింగ్ చూసి, "జీరో ఉంది సార్, సేఫ్" అన్నాడు. మండే ఆవిరిని కొలిచే మామూలు సెన్సర్ పనిచేయాలంటే దానికీ ఆక్సిజన్ కావాలి. లోపల నైట్రోజన్ నిండి ఉంటే మిథనాల్ ఆవిరి ఉన్నా అది సున్నాయే చూపించవచ్చు. ముందు ఆక్సిజన్, తర్వాత ఎల్‌ఈఎల్, ఆ తర్వాత విషవాయువులు అనే వరుస ఊరికే పెట్టింది కాదు. అతను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, తెలివైనవాడు. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆ హెల్పర్‌ను పడేసింది రియాక్టర్లో మిగిలిన నైట్రోజనే, కానీ నైట్రోజన్ అంటే అక్కడ ఎవరికీ భయం లేదు. టోలిన్ (టొలుయీన్ అనే సాల్వెంట్) అంటే భయం, యాసిడ్ అంటే భయం, క్లోరిన్ పేరెత్తితే పరుగు. నైట్రోజన్‌ను మాత్రం మంటలు రాకుండా కాపాడే మంచి గ్యాస్‌గానే చూస్తారు. గాలిలో 78 శాతం అదే కదా, ఏం చేస్తుంది అని ఒక ఆపరేటర్ నన్నే అడిగాడు. మనకు ఊపిరాడట్లేదన్న బాధ కలిగేది ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయినప్పుడు. నైట్రోజన్ పీలుస్తున్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ మామూలుగానే బయటికి పోతుంటుంది కాబట్టి దగ్గు రాదు, మంట పుట్టదు, ఉక్కిరిబిక్కిరి కాదు. నేరుగా స్పృహ పోతుంది. అమెరికాలోని కెమికల్ సేఫ్టీ బోర్డు 1992 నుంచి 2002 వరకు లెక్క తీస్తే, నైట్రోజన్ వల్ల ఊపిరాడక జరిగిన 85 సంఘటనల్లో 80 మంది చనిపోయారని తేలింది.

క్లాసు మార్చిన తీరు

ట్రైనింగ్ హాలు వదిలేశాం. ఎనిమిది పది మంది చొప్పున, భాష ప్రకారం గుంపులు చేశాం. ఒడియా వాళ్లకు నేను హిందీలో చెబితే తల ఊపుతారు గానీ ఎదురు ప్రశ్న వేయరు. అందుకని వాళ్లందరూ 'భాయినా' (అన్నయ్య) అని పిలిచే ఒక సీనియర్ హెల్పర్‌ను ముందు తయారుచేశాం. ఆయన చదివింది ఐదో తరగతి. రియాక్టర్ల మీద పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాడు. ఆయన చెబుతుంటే కుర్రాళ్లు అడ్డం తగిలి మరీ అడిగేవాళ్లు. ట్రైనర్‌గా చేసిన గంటలకు ఓవర్‌టైం కట్టివ్వాలని మేనేజ్‌మెంట్‌తో గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. ఇచ్చారు.

మొదటి పాఠం క్యాంటీన్ వెనక. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ పైభాగం కోసేసి, అడుగున ట్యూబు పెట్టి సిలిండర్ నుంచి నైట్రోజన్ నెమ్మదిగా నింపాం. వెలిగించిన కొవ్వొత్తిని తీగకు కట్టి దించితే, క్యాన్ అంచు దాటగానే ఊదినట్టు ఆరిపోయింది. వాసన లేదు, పొగ లేదు, క్యాన్ ఖాళీగానే కనిపిస్తోంది. ఈ కొవ్వొత్తికి కూడా సేఫ్టీ ఆఫీసర్ హాట్ వర్క్ పర్మిట్ (మంట, నిప్పురవ్వలు వచ్చే పనికి అనుమతి) రాయించాడు. మొదట నవ్వొచ్చింది కానీ, సాల్వెంట్ యూనిట్‌లో అగ్గిపుల్ల గీయాలంటే అంతే మరి. తర్వాత అదే క్యాన్‌లోకి డిటెక్టర్ దించి, అంకె పడిపోవడం ప్రతి ఒక్కరూ తమ చేత్తో పట్టుకుని చూసేలా చేశాం. 20.9 నుంచి 19.5 దగ్గర అలారం, ఆ తర్వాత చూస్తుండగానే పది కిందికి. స్లైడులో ఎన్నిసార్లు చూపించినా గుర్తుండని 19.5 ఆ కూతతో గుర్తుండిపోయింది.

రెండో పాఠానికి స్క్రాప్ యార్డులో పడి ఉన్న పాత స్టీలు రియాక్టర్ దొరికింది. దాన్ని కడిగించి, నాజిల్స్ (పైపులు తగిలించే మూతులు) అన్నీ తెరిపించి, బ్లోయర్ పెట్టి, టెస్ట్ చేసి వాడుకున్నాం. దాని మ్యాన్‌హోల్ చుట్టూ ఎర్ర రంగు పూయించాం. ఆ అంచు దాటి ఒంట్లో ఏ భాగం వెళ్లినా అది ఎంట్రీ కిందే లెక్క. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా నియమమూ అదే చెబుతుంది. దిగితేనే ఎంట్రీ, తొంగి చూస్తే కాదు అన్న నమ్మకం హెల్పర్లకే పరిమితం కాలేదు. క్యూఏ అమ్మాయిలు, అబ్బాయిలు స్వాబ్ కోసం రోజూ తల లోపలికి పెట్టేవాళ్లే. నైట్రోజన్ వాల్వ్ తెరిచి ఉంటే ఎర్ర గీత బయట కూడా ప్రమాదమేనని, ఆ గ్యాస్ మ్యాన్‌హోల్‌లోంచి పైకి వస్తూ ఉంటుందని మీటర్‌తోనే చూపించాం.

ఇక్కడే ఒక పాత సంఘటన చెప్పేవాళ్లం. 2005 నవంబర్ 5, అమెరికాలోని డెలావేర్ సిటీలో వాలెరో రిఫైనరీ. నైట్రోజన్ నింపి ఉంచిన రియాక్టర్ పైన కాంట్రాక్ట్ పనివాళ్లు పైపు బిగించే పనిలో ఉన్నారు. లోపల ఐదడుగుల లోతున ఒక టేపు చుట్ట పడి ఉంది. ఒకతను వైరు వంచి కొక్కెం చేసి దాన్ని పైకి తీయబోయాడు. తూలి పడ్డాడో, దిగాడో కళ్లారా చూసినవాళ్లు లేరు. లోపల కదలకుండా పడి ఉన్న అతన్ని చూసి ఫోర్‌మన్ నిచ్చెన వేసుకుని దిగాడు. ఇద్దరూ చనిపోయారు. కన్‌ఫైన్డ్ స్పేస్ అని బోర్డు ఉంది కానీ అందులో నైట్రోజన్ అన్న మాట లేదు.

గుడ్డ కోసం వంగిన కుర్రాడు కూడా ఆ గుంపులో కూర్చుని ఈ కథ విన్నాడు. భాయినా ఒడియాలో చెప్పడం పూర్తి చేశాక ఎవరూ మాట్లాడలేదు. తర్వాత తర్వాత ప్లాంటులో 'టేపు' అంటే అర్థం మారిపోయింది. పైనుంచి స్పానర్ ఏదైనా లోపల పడితే "టేపు, టేపు" అని అరవడం, అరిచాక ఎవరూ మ్యాన్‌హోల్ దగ్గరికి వెళ్లకపోవడం వాళ్లంతట వాళ్లే అలవాటు చేసుకున్నారు. మేం నేర్పింది కాదది.

తాడు రెండో కొస

అన్నిటికంటే కష్టమైనది బయటి మనిషిని తయారుచేయడం. లోపల ఒకరు పడిపోతే బయట నిలబడ్డవాడు దిగకూడదు. వినడానికి ఇది సులువు. 1986లో అమెరికాలో పనివాళ్ల భద్రతపై పరిశోధన చేసే నియోష్ సంస్థ చెప్పినదాని ప్రకారం, ఇలాంటి చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి మించి కాపాడబోయినవాళ్లే. ఈ అంకె చెబితే ఇంజనీర్లు నోట్ చేసుకున్నారు. హెల్పర్ల గుంపులో మాత్రం ఒకతను లేచి, "లోపల పడింది నా తమ్ముడైతే, చూస్తూ నిలబడమంటావా సార్?" అని అడిగాడు. నిజంగానే అతని తమ్ముడు అదే షిఫ్టులో పనిచేస్తున్నాడు. ఒకే ఊరి నుంచి, ఒకే ఇంటి నుంచి వచ్చిన మనుషులు. 'దిగొద్దు' అని నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఆ క్షణంలో పనిచేయదు. దిగకుండా తమ్ముణ్ణి బయటికి లాగే ఉపాయం అతని చేతిలో పెట్టాలి.

ఈ సంగతి జరిగినప్పుడు అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం (1948) 36వ సెక్షన్ ఇదే చెప్పేది. ఒక సమర్థుడైన వ్యక్తి తానే స్వయంగా టెస్ట్ చేసి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. లేదంటే లోపలికి వెళ్లే మనిషి శ్వాస పరికరం పెట్టుకుని, నడుముకు బెల్టు, బెల్టుకు తాడు కట్టుకోవాలి, ఆ తాడు రెండో కొస బయట ఒక మనిషి పట్టుకోవాలి. 2025 నవంబర్‌లో లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి ఆ చట్టం స్థానం తీసుకున్నాయి గానీ, టేబుల్ మీద రాసిన 20.9 ఏ చట్టం కిందా చెల్లదు.

స్టోర్‌లో ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు), వించ్ (తాడు చుట్టి మనిషిని పైకి లాగే యంత్రం), ఫుల్ బాడీ హార్నెస్ (ఒంటికి కట్టుకునే పట్టీలు) అన్నీ ఉన్నాయి, కవర్లు కూడా చింపలేదు. పాత బాయిలర్ సూట్‌లో ఇసుక మూటలు కుక్కి, డెబ్బై కిలోల బొమ్మ చేసి, ఈసారి ప్రొడక్షన్ బ్లాకులోనే ఆగి ఉన్న నిజం రియాక్టర్ మీద డ్రిల్ పెట్టాం. ట్రైపాడ్ అక్కడ నిలబడనే లేదు. మ్యాన్‌హోల్ రియాక్టర్ మధ్యలో ఉండదు, ఒక పక్కకు ఉంటుంది. మధ్యలో ఆజిటేటర్ (లోపల కలిపే యంత్రం) గేర్‌బాక్స్, చుట్టూ నాజిల్స్, పైపులు. మూడో కాలు పెట్టడానికి చోటు లేదు. అంటే కొన్న రోజు నుంచి ఆ ట్రైపాడ్‌తో ఈ బ్లాకులో ఎవరినీ బయటికి తీసే వీలే లేదు. ఏటా మాక్ డ్రిల్ మాత్రం బయట సమతలంగా ఉన్న సంప్ (నీటి గుంట) దగ్గర పెట్టి ఫొటోలు తీసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే మెకానికల్ వాళ్లను పిలిచి పైన ఉన్న బీమును చూపించాం. బీము బలం లెక్క కట్టించి, టెస్ట్ చేయించి, ఒక్కో రియాక్టర్ పైన వించ్ తగిలించే ఏర్పాటు చేశారు. ఇవన్నీ అవడానికి కొన్ని నెలలు పట్టింది. అప్పటిదాకా ఆ బ్లాకులో రియాక్టర్ ఎంట్రీ పూర్తిగా ఆపేయాలని పట్టుబట్టాను. శిక్షణ వల్ల వచ్చిన మేలేమిటని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఈ వించ్ సంగతే. మనుషులకు నేర్పబోతే, అక్కడి సామాను పనికిరాదని బయటపడింది.

వించ్ వచ్చాక డ్రిల్లు మళ్లీ మొదలుపెట్టాం. ముందు కేక, తర్వాత సైరన్ బటన్, తర్వాత వించ్ హ్యాండిల్. చేతులకు ఇంత పని ఉంటే కాళ్లు మ్యాన్‌హోల్ వైపు పోవు. తమ్ముడి గురించి అడిగినతను హ్యాండిల్ తిప్పడంలో అందరికంటే వేగంగా తయారయ్యాడు.

షిఫ్ట్ ఇన్‌చార్జ్‌లు

హెల్పర్లకు ఎంత నేర్పినా, "తొందరగా కానివ్వు, పొద్దున్నే బ్యాచ్ చార్జ్ చేయాలి (కొత్త సరుకు రియాక్టర్లో వేయాలి)" అని ఇన్‌చార్జ్ అన్నాడంటే నేర్చుకున్నదంతా గాలికి పోతుంది. వాళ్లతో విడిగా కూర్చున్నాం. చెప్పుకోవడానికి వాళ్ల బాధలు వాళ్లకున్నాయి. బ్యాచ్ రెండు గంటలు లేటైతే పొద్దున మీటింగులో నిలబెట్టి అడుగుతారు. పర్మిట్ టెస్ట్ చేయకుండా రాస్తే అడిగేవాళ్లు లేరు. వాళ్ల టెన్షన్ అర్థం చేసుకోకుండా నీతులు చెబితే లాభం లేదు. ప్లాంట్ హెడ్‌ను ఆ మీటింగుకు రప్పించి, సేఫ్టీ కోసం ఆపిన పని గురించి పొద్దున మీటింగులో సంజాయిషీ అడగనని ఆయన నోటితోనే చెప్పించాం.

ఆ మాటకు పరీక్ష త్వరగానే వచ్చింది. ఒక రాత్రి స్వాబ్ తీసే సమయానికి డిటెక్టర్ బ్యాటరీ అయిపోయింది. మ్యాన్‌హోల్ దగ్గర కాపలా ఉన్న బిహార్ కుర్రాడు క్యూఏ అబ్బాయికి దారి ఇవ్వలేదు. "మీటర్ చూపించండి సార్, అప్పుడు తీసుకోండి." క్యూఏ అబ్బాయి ఇన్‌చార్జ్‌కు ఫోన్ చేశాడు, ఇన్‌చార్జ్ వచ్చి కసిరాడు, కుర్రాడు కదల్లేదు. ఛార్జింగ్ అయ్యేదాకా పని ఆగింది. పొద్దున మీటింగులో ప్లాంట్ హెడ్ లేటు గురించి అడగలేదు. స్పేర్ డిటెక్టర్ ఎందుకు లేదని అడిగారు. ఈ కబురు మధ్యాహ్నానికల్లా మూడు షిఫ్టులకూ పాకింది. ఆ తర్వాత డిటెక్టర్లు బ్లాకులోనే, ఛార్జర్‌తో సహా, తాళం లేకుండా ఉంటున్నాయి.

ఎక్కడిదాకా వచ్చింది

స్వాబ్ ఇప్పుడు పొడుగు రాడ్డుతో బయట నిలబడే తీస్తున్నారు. మ్యాన్‌హోల్ తెరవగానే పైన ఇనుప జాలీ పెడతారు, రాడ్డు పడుతుంది, తల పట్టదు. ఎంట్రీ తప్పనిసరైతే నైట్రోజన్ లైన్లో ఒక ముక్క విప్పి బ్లైండ్ (పైపును పూర్తిగా మూసే పలక) వేస్తారు. వాల్వ్ మూసి ట్యాగ్ కట్టడంతో సరిపెట్టరు. లోపలికి తల పెట్టాల్సిన అవసరమే చాలావరకు తగ్గిపోయింది కాబట్టి, నేర్పాల్సినదీ తగ్గింది.

హాజరు పట్టీ ఇంకా రాస్తున్నారు, ఆడిట్‌కు కావాలి. కానీ సేఫ్టీ ఆఫీసర్ నెలకోసారి చూసుకునేవి వేరే. పర్మిట్లలో ఆక్సిజన్ రీడింగులు నిజం మీటర్లో వచ్చినట్టు కాస్త అటూ ఇటూగా ఉన్నాయా, ఎన్ని పర్మిట్లు వెనక్కి తిప్పారు, ప్లాట్‌ఫాం మీద ఎవరో ఒకరిని ఆపి "ఇప్పుడు లోపల మనిషి పడితే నువ్వేం చేస్తావు?" అంటే ఏం చెబుతున్నాడు. నియర్ మిస్ (ప్రమాదం త్రుటిలో తప్పిన సంఘటనల) రిపోర్టులు మొదట్లో బాగా పెరిగాయి. హెచ్ఆర్ వాళ్లు కంగారుపడి, ట్రైనింగ్ తర్వాత పరిస్థితి పాడైందా అని ఫోన్ చేశారు. ఇన్నాళ్లూ చెప్పనివి ఇప్పుడు చెబుతున్నారని వివరించాల్సి వచ్చింది. ప్రమాదాలు లేని నెలకు బహుమతి ఇచ్చే పద్ధతి కూడా అప్పుడే తీయించేశాం. ఆ బహుమతి పోతుందని చిన్న దెబ్బలు దాచేవాళ్లు.

కుదరనివి ఉన్నాయి. జూన్‌లో రజ పండుగకు, తర్వాత వరి కోతలకు ఒడిశా వాళ్లు ఊళ్లకు పోతారు. తిరిగి వచ్చేవాళ్లలో సగం కొత్త ముఖాలు. వించ్ తిప్పడం బాగా వచ్చిన అన్నదమ్ములిద్దరూ వేరే కంపెనీలో రోజుకు యాభై రూపాయలు ఎక్కువని వెళ్లిపోయారు. కొత్తవాళ్లకు వేరే రంగు హెల్మెట్ ఇచ్చి, క్యాన్ పాఠం, పాత రియాక్టర్ పాఠం అయ్యేదాకా మ్యాన్‌హోల్ ఉన్న ఫ్లోర్ ఎక్కనివ్వకూడదని రూలు పెట్టారు. మనుషులు చాలని రోజున ఆ రూలును కాంట్రాక్టర్ తప్పిస్తున్నాడు. దీనికి విరుగుడుగా శిక్షణ రోజు కూలీ కంపెనీయే నేరుగా కట్టేలా కాంట్రాక్టులో రాయాలని అడిగాం, ఆ కాగితం ఇంకా పర్చేజ్ వాళ్ల దగ్గరే ఉంది. ఈటీపీ (ఫ్యాక్టరీ వ్యర్థజలాలను శుద్ధిచేసే ప్లాంటు) సంపు సంగతి మిగిలి ఉంది. అక్కడ ప్రమాదం నైట్రోజన్‌తో కాదు, హైడ్రోజన్ సల్ఫైడ్‌తో. మోతాదు పెరిగితే ముక్కుకు ఆ వాసనే తెలియకుండా పోతుంది. దానికి వాటర్ క్యాన్ పాఠం పనికిరాదు, వేరే తయారుచేస్తున్నాం.